రెండూ నల్లెద్దులే అన్నందుకు

మొన్న మా అమ్మాయి, నా మనవరాలికి థెరపీ చేసే చోట ఇచ్చిన కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. కళ్ళలోకి చూసిందా, పిలిస్తే పలికిందా అంటూ దాని నిండా గడులు, గడుల నిండా ఇంటూలు. "నిన్న పాట మధ్యలో ఆపేస్తే నా చెయ్యి పట్టుకుని ఊపింది నాన్నా, ఇది లెక్కలోకి వస్తుందంటావా?" అని బెరుగ్గా అడిగింది. నాకు తిరువూరులో మా పిన్ని వాళ్ళ వసారా కళ్ళముందు నిలిచింది.

డెబ్భైలలో మాట. నాకు పదేళ్ళు, పిన్ని కూతురికి అయిదు. ఆ పిల్లకు మాట లేదు, పిలిస్తే చూడదు, ఎవరైనా తాకితే ఒళ్ళు బిగదీసుకుని అరిచేది; వసారా మూల కూర్చుని కందిగింజలు వరసగా పేర్చుకునేది. ఆ తీరుకో పేరుంటుందని మాకెవరికీ తెలియదు. దగ్గర్లోని నెమలి అనే ఊళ్ళో వెలసిన వేణుగోపాలస్వామికి బాబాయి మొక్కని మొక్కు లేదు. చివరికి విసిగిపోయి, వేసవి దాటగానే ఎక్కడో దూరాన ఇలాంటి పిల్లలను ఉంచుకునే ఆశ్రమంలో వదిలి వస్తానని తేల్చేశాడు. పిల్ల మారుతోందండీ అని పిన్ని అనేది గానీ, ఏం మారిందంటే చూపించలేకపోయేది.

ఇక నా సంగతంటారా, కోతలు కోయడంలో మా వీధిలో నన్ను మించినవాడు లేడు. వినగడపలో కాసిన ఒకే ఒక్క మామిడికాయను, ఓ తెల్లెద్దూ ఓ ఎర్రెద్దూ కట్టిన బండి మీద తెస్తుంటే ఇరుసు విరిగి, కాయ దొర్లుకుంటూ ఎ.కొండూరు చేరిందనీ, దాని టెంకలో ఓ ముసలమ్మ కాపురం పెట్టిందనీ నా కథ. మధ్యాహ్నాలు ఆవకాయ ముక్కలు తుడుస్తూ పిన్ని అదే చెప్పించేది. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే కథ ఆపేయడం రివాజు కదా, పిల్ల బదులు పిన్నే ఊఁ కొట్టేది. ఒక్క మాట మార్చబోయినా, "అలాగే చెప్పరా, దానికలాగే ఇష్టం" అని కసిరేది. నా వంకైనా చూడని పిల్ల ఇష్టం ఆవిడకెలా తెలిసిందో!

విసుగెత్తి ఓ రోజు, కొంటెతనంకొద్దీ, ఎద్దులు రెండూ నల్లవే అనేశాను. గింజలు పేర్చే చెయ్యి ఆగింది. పిల్ల మెల్లగా లేచి వచ్చి, నా మొహం చూడకుండానే తన అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టింది. తెల్లెద్దు, ఎర్రెద్దు అని వేళ్ళ సందుల్లోంచి గొణిగితే గానీ తియ్యలేదు.

సాయంత్రం బాబాయితో చెబితే, "ఇదీ నీ మామిడికాయ లాంటిదేగా" అన్నాడు. బుద్ధెరిగాక నేను చెప్పిన మొదటి నిజానికి దక్కిన మర్యాద అది. పిన్ని ఊరుకోలేదు.

"పోనీ మీరే చెప్పండి. తప్పు చెప్పి ఆగండి, తొందరపడకండి."

బాబాయి మొహమాటంగా చాప మీద కూర్చుని కథ ఎత్తుకుని, "రెండూ నల్లెద్దులేనమ్మా" అని ఆగాడు. పిల్ల కదల్లేదు. ఎంతసేపు ఆగామంటే, మా వెనక గడ్డిలో వేసిన పచ్చికాయలు పండిపోయాయి. ఇంక చాల్లే అని ఆయన లేవబోతే పిన్ని పంచె పట్టుకుని కూలేసింది. అప్పుడు లేచిందండీ ఆ పిల్ల. వచ్చి వాళ్ళ నాన్న నోరు మూసింది. పుట్టాక తనంతట తాను ఆయన్ని ముట్టుకోవడం అదే మొదలు. తెల్లెద్దు, ఎర్రెద్దు అని బాబాయి అనేదాకా అది చెయ్యి తియ్యలేదు. చిన్న అరచేతి కింద ఆయన మీసాలు వణకడం చూశాను. ఆశ్రమం ఊసు మళ్ళీ ఆ ఇంట్లో వినలేదు.

ఇప్పుడా తీరుకు పేరుంది, నేర్పేవాళ్ళున్నారు, వెనకటి రోజులే బాగని నేను కోతకైనా అనను. లేనిదల్లా ఆ పొడుగాటి మధ్యాహ్నాలే. ఏమీ జరగనట్టుండే చోట ఏదో జరుగుతోందని కనిపెట్టగల తీరిక మా పిన్నికుండేది, ఈ ఇంట్లో ఇప్పుడది ఎవరి దగ్గరా లేదు, ఏ పనీ లేని నా దగ్గర కూడా.