లాంచీకి ట్రక్కు పంపు

ముప్పై రెండేళ్ళ కెనడా కాపురంలో సుబ్బరాజు తనకోసమంటూ కొనుక్కున్నది ఒక్కటే, హామిల్టన్ రేవులో కట్టేసి ఉండే పాత పడవ. మిగతా అందరూ దాన్ని బోటంటారు, ఆయన మాత్రం లాంచీ అంటాడు. చిన్నప్పుడు నరసాపురం రేవులో చూసిన లాంచీలకి లాగే దీనికీ ఇంజను పడవ నడిమధ్యన, ఓ చెక్కపెట్టెలో ఉంటుంది. సస్కటూన్‌లో విత్తనాలు నాటే యంత్రాల ఫ్యాక్టరీలో పాతికేళ్ళు పనిచేసి, రిటైరయ్యాక హామిల్టన్‌కి దగ్గర్లోని మిల్టన్ వచ్చి ఇల్లు తీసుకున్నాడు. పైన తను, భార్య సీతాదేవి. కింద బేస్‌మెంట్లో నలుగురు స్టూడెంట్లు. కరోనా తగ్గి విమానాలు మళ్ళీ తెరుచుకున్నాక పిల్లలు దండులా దిగుతున్న రోజులవి. ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా తెలుగే వినిపించేది.

ఇంజను పెట్రోలుది. ఆయన ఈ దేశం రాకముందు తయారైంది. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అందుకని అందులో ఏ ముక్క పోయినా వేట మొదలయ్యేది. ఆ మే నెలలో పెట్రోలు పంపు పోయింది, ట్యాంకులోంచి పెట్రోలు లాగి ఇంజనుకి అందించే పంపు. సుబ్బరాజు రేవులన్నిటికీ ఫోన్లు చేశాడు. ఒక ముసలి మెకానిక్ నీ ఇంజనుకి పంపు కావాలంటే మ్యూజియంలో వెతుక్కోమని నవ్వాడు. పాడైన పడవల్ని పోగేసే దొడ్లోకి వెళ్ళి, మోకాళ్ళ మీద పాకుతూ ఒకటి విప్పి చూశాడు. లోపలంతా తుప్పు. చివరికి మాంట్రియల్‌లో ఒకాయన దగ్గర పెట్టె విప్పని పంపు ఉందని తెలిసింది. పంపిస్తాను గానీ రెండు వారాలు పడుతుందన్నాడు.

ఆదివారానికి పది రోజులే ఉంది. బేస్‌మెంట్లో పిల్లల్ని లాంచీ ఎక్కిస్తానని ఆయన మాటిచ్చిన ఆదివారం అది. నలుగురివీ నాలుగు పార్ట్‌టైమ్ ఉద్యోగాలు. నలుగురి షిఫ్టులూ ఒకే రోజు ఖాళీ దొరకడం ఆ ఏడాదిలో అదే మొదలు. పైగా వాళ్ళలో రేవంత్ అనే అబ్బాయి ఆ మర్నాడే ఉద్యోగానికని సస్కటూన్ వెళ్ళిపోతున్నాడు.

నలుగురిలో ఒకమ్మాయి సాత్విక. కరీంనగర్ పిల్ల. కార్ల విడిభాగాలమ్మే షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. సుబ్బరాజు పాత పంపు తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాడు. ఆ అమ్మాయి కంప్యూటర్లో వెతికి, వెనకగదిలోకి వెళ్ళి, దుమ్ము పట్టిన డబ్బా ఒకటి తెచ్చింది.

"ఇది చూడండి అంకుల్. పాత ట్రక్కుది. ఎన్నేండ్ల నుంచి పడుందో. బోల్టులు, ఈ కదిలే కడ్డీ, అన్నీ సేమ్. మీ దానికి పక్కన ఇంకో గొట్టం ఉంది, గంతే తేడా."

ఆ గొట్టమే అసలు సంగతని సుబ్బరాజుకి తెలుసు. పడవ పంపులో రెండు రబ్బరు పొరలుంటాయి. ఒకటి చిరిగినా పెట్రోలు కింద కారదు. గాజులాంటి ఆ గొట్టంలోంచి ఇంజనులోకే పోతుంది, పైనుంచి చూస్తే కనిపిస్తుంది కూడా. ట్రక్కు పంపులో పొర ఒక్కటే. అది చిరిగితే అడుగున ఉన్న చిల్లులోంచి పెట్రోలు బయటికి కారుతుంది. ట్రక్కయితే రోడ్డు మీద పడి గాలికి ఆరిపోతుంది. పడవలో ఎక్కడికీ పోదు. అడుగున చేరుతుంది, దాని ఆవిరి అక్కడే పేరుకుంటుంది. దానికి ఒక్క నిప్పురవ్వ చాలు.

"ఎక్కడ దాచావే తల్లీ ఇన్నాళ్ళూ! ఇవ్వు," అన్నాడు నవ్వుతూ.

రెండు వారాలేగా. తాళం తిప్పేముందు ఇంజను పెట్టె మూత ఎత్తి, తల లోపలికి పెట్టి వాసన చూడ్డం ఆరేళ్ళుగా ఆయన మానని అలవాటు. కారుతుంటే ఆ కంపు ఎలాగూ పట్టేస్తుంది. అలా అనుకుంటూ కారు దాకా వచ్చాడు. సీట్లో కూర్చున్నాక గుర్తొచ్చింది. అయినా డబ్బా వెనక్కి ఇవ్వలేదు, పక్కసీట్లో పెట్టుకున్నాడు.

ఆయనకి వాసన తెలియదు. పోయినేడు ఏప్రిల్‌లో కరోనా వచ్చినప్పుడు పోయింది, మళ్ళీ రాలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే సీతాదేవి ఆ సాయంత్రమే కూతురు అనితకి చెబుతుంది. అనిత ఏటా ఒకటే పాట, "డాడ్, సెల్ ద బోట్." ముక్కు పోయిందని తెలిస్తే ఇక పాట కాదు, ఆర్డరే. అందుకని ఏడాదిగా కూరని రంగు చూసి మెచ్చుకుంటున్నాడు. స్టవ్ ఆపారా అని ఎవరైనా అడిగితే వెళ్ళి చేత్తో తిప్పి చూసి వస్తున్నాడు.

శనివారం ఒక్కడే వెళ్ళి పంపు బిగించాడు. ఇంజను అరగంటసేపు బాగా తిరిగింది. ఆపాక మూత ఎత్తి తల పెట్టాడు. చీకటి, వేడి, ఇంకేమీ లేదు. పంపు ఇంజనుకి అవతలి పక్కన, బాగా కిందికి ఉంటుంది, కంటికి ఆనదు. తడుముదామని చెయ్యి పెడితే వేడికి చురుక్కుమంది. వెనక్కి లాక్కున్నాడు.

ఆదివారం పొద్దున ఎండ బాగుంది. సీతాదేవి పులిహోర డబ్బాలతో, పూజ సంచితో దిగింది. ఏటా మొదటిసారి లాంచీ కదిలించేముందు ఇంజనుకి హారతి ఇవ్వడం ఆమె పెట్టుకున్న ఆనవాయితీ. పడవ పక్కనే నీళ్ళ మీదికి చాచిన రేవు బల్ల మీద అరటిపండు పెట్టి, దాంట్లో నాలుగు అగరొత్తులు గుచ్చి వెలిగించింది. పిల్లలందరూ నారింజరంగు లైఫ్ జాకెట్లు తొడుక్కుని పడవెక్కారు.

"అంకుల్, నాకు ఈత రాదు. ముందే చెప్తున్నా," అన్నాడు రేవంత్.

"ఈ నీళ్ళల్లో వచ్చినా పది నిమిషాలేరా అబ్బాయ్, చలికి కొయ్యబారిపోతావు. ఆ బెల్టు బిగించుకో."

అందరూ నవ్వారు. సుబ్బరాజు ఇంజను పెట్టె మూత ఎత్తాడు. లోపలి గాలిని బయటికి తోసే పంకా స్విచ్ వేశాడు. అది నాలుగైదు నిమిషాలు తిరగాలి. ఒక్క నిమిషమన్నా తిరిగిందో లేదో, సీతాదేవి ఇంజనుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, పళ్ళెంలో కర్పూరం బిళ్ళ వేసింది.

"ఏవండీ, వాసన చూశారా?"

ఇదీ ఏటా అడిగే మాటే. ఆయన తల లోపలికి పెట్టాడు. గట్టిగా పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. గోడకి ముక్కు ఆనించినట్టుంది.

"చూశా. కానీ."

నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది. ఆమె అగ్గిపెట్టె తెరిచి ఒక పుల్ల తీసింది. దాన్ని అగ్గిపెట్టె అంచుకి ఆనించింది. ఆమె వేళ్ళ వెనక నాలుగు నారింజరంగు జాకెట్లు కనిపించాయి. ఫోటో కోసం ఒకరిమీద ఒకరు వాలి ఉన్నారు.

"వద్దు!"

ఆయన ఆమె మణికట్టు పట్టేసుకున్నాడు. మోచెయ్యి తగిలి పళ్ళెం ఎగిరి నీళ్ళల్లో పడింది.

"ఏంటండీ ఇది! శుభమా అని హారతిస్తుంటే..."

"నాకు వాసన తెలీదు సీతా. నాకేం తెలీదు. ఉత్తినే అన్నాను."

పంకా ఒక్కటే గరగరమంటోంది. ముందు సాత్విక కదిలింది. మోకాళ్ళ మీద కూర్చుని పెట్టెలోకి వంగి, ఎవరో కొట్టినట్టు వెనక్కి వచ్చింది.

"అంకుల్! పెట్రోల్! మస్తు కొడుతోంది. అగరొత్తుల వాసనలో తెల్వలే."

"దిగండి," అన్నాడు సుబ్బరాజు. "అందరూ దిగండి. పరిగెత్తకండి. స్విచ్చులు ముట్టుకోవద్దు. ఫోన్లు జేబుల్లోంచి తియ్యొద్దు. రేవంత్, ముందు ఆ అగరొత్తులు నీళ్ళల్లో పడెయ్యి."

ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి బల్ల మీదికి దింపాడు. నాలుగో చెయ్యి వదిలాక సీతాదేవిని దింపాడు. ఆఖరున ట్యాంకు దగ్గరి కవాటం మూసి తను దిగాడు. దూరంగా, కార్ల దగ్గరికి నడిచేదాకా ఎవరూ వెనక్కి తిరగలేదు.

"ఎప్పట్నించి?" అంది సీతాదేవి.

"పోయినేడు ఏప్రిల్."

"మరి నిన్న చారు ఘుమఘుమలాడిపోతోందన్నారు?"

ఆమె పిడికిట్లో అగ్గిపెట్టె ఇంకా ఉంది. అది నలిగి చొట్టబోయింది, చెయ్యి మాత్రం విచ్చుకోవడం లేదు.

"ఆ పంపు నేనే తెచ్చిచ్చిన కదా ఆంటీ," అంది సాత్విక, ఏడుపు మొహంతో.

"అడిగింది నేను. దానికేం కావాలో తెలిసిందీ నాకే. నీ తప్పేం లేదమ్మా," అన్నాడు సుబ్బరాజు.

రేవు పనివాళ్ళు వచ్చి చేతిపంపుతో పడవ అడుగు తోడారు. ట్రక్కు పంపులో రబ్బరు పొర ఏళ్ళ తరబడి ఎండి పెళుసైపోయిందట, అరగంటకే చిట్లింది. వాళ్ళలో ఒకతను తోడిన పెట్రోలుని గాజుసీసాలో తెచ్చి చూపించాడు. దగ్గర దగ్గర లీటరుంటుంది. పిల్లలు ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు. సీతాదేవి చీరకొంగు అడ్డం పెట్టుకుంది.

సుబ్బరాజు సీసా అందుకుని మొహం దగ్గరగా పెట్టుకున్నాడు. ఎండకి లోపల తళతళలాడుతోంది. ఆయనకి అది మంచినీళ్ళలాగే ఉంది. సీసా తిరిగి ఇచ్చేశాడు. జేబులోంచి లాంచీ తాళం తీసి, సీతాదేవి పిడికిలి మెల్లగా విప్పి, అగ్గిపెట్టె తను తీసుకుని తాళం అక్కడ పెట్టాడు.

"అనితకి నేనే చెప్తాను," అన్నాడు.