గీతల బాతులు లేచిన పొద్దు

మొన్న పొద్దున మరాఠీ ఊళ్ళోని మా నేతవాళ్ళ వాడ, దాజీ పేట్ నుంచి మా వదిన ఫోన్ చేసింది. "మామ పోయిండే!" అని అరిచింది. ఏడుస్తూ కూడా అరిచే చెప్పింది పాపం. ఇంట్లోనే మరమగ్గాలు పెట్టుకుని బతికేవాళ్ళం, మెల్లగా మాట్లాడడం మాకెక్కడ వస్తుంది! ఆ పోయిన మనిషి మా పెద్దనాన్న. బాగా ఏడ్చాను. కానీ తలుచుకుంటే ముందు నవ్వే వస్తోంది, ఏం చేయను?

మగ్గాల మోతలో బతికీ బతికీ ఆయనకు చెవుడు వచ్చింది. గట్టిగా అరిస్తే తప్ప వినబడదు. "చెవులు మగ్గానికిచ్చిన. కండ్లు మాత్రం నాయే" అనేవాడు. పెళ్ళిళ్ళకు పోవడం మానేశాడు. "అందరు నవ్వుతరు, ఎందుకో నాకు తెల్వదు. పిట్టలతోని ఆ బాధ లేదు" అని, సెలవు రోజున కంబర్ తలావ్ చెరువు గట్టు మీద కూర్చునేవాడు.

పోయిన చలికాలం నన్నూ తీసుకుపోయాడు. హిమాలయాలు దాటి వచ్చే గీతల బాతుల కోసం మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. "తలకాయ మీద రెండు నల్ల గీతలుంటయట, మనం నేసే టువాల అంచు లెక్క. ఒక్కసారన్న చూడాలె బిడ్డా."

ముందు నాకే కనబడ్డాయి, నీళ్ళ ఒడ్డున గడ్డిలో. ఆయన అటు తిరిగి ఉన్నాడు. భుజం తడితే సరిపోయేది. నా బుద్ధి గడ్డి తిని, మగ్గాల మీదుగా పిలిచే గొంతుతో "పెద్దనాయినా! అగో!" అని ఒక్క కేక పెట్టాను.

బాతులన్నీ లేచిపోయాయి. పక్కన దుర్బీనుతో ఉన్న పెద్దమనిషి "అహో తాయీ, హళూ!" అని, మెల్లగా మాట్లాడమని మరాఠీలో కసిరాడు. పెద్దనాన్న తిరిగేసరికి అవి ఆకాశంలో చుక్కలు. ఇక గీతలేం కనబడతాయి? నా నోరు పడిపోను అనుకుంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆయనేమో పకపకా నవ్వాడు.

"ఏడుస్తవెందుకే? నీ కేక నాకు సుత ఇనవడ్డది! కూసో. ఆకలైతే అవే వస్తయ్."

కూర్చున్నాం. డబ్బాలోని జొన్నరొట్టె, పల్లీల చట్నీ అయిపోయాయి. ఎండ ఎక్కింది. అప్పుడు ఒక్కొక్కటే తిరిగొచ్చి దిగాయి, ముందుకన్నా దగ్గరగా. రెండు గీతలూ స్పష్టంగా కనబడ్డాయి. పెద్దనాన్న రెప్ప వేయలేదు. ఆ సంతోషం చూసి నా ప్రాణం కుదుటపడింది.

బాతులు మెడలు చాచి కూస్తున్నాయి. "ఏమంటున్నయే?" అని మెల్లగా అడిగాడు. మళ్ళీ అరిచే ధైర్యం నాకెక్కడిది! ఆయన చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని, అవి కూసినప్పుడల్లా అరచేతిలో వేలితో తట్టాను. ఒకటి పిలిస్తే ఒకసారి. రెండు బదులిస్తే రెండుసార్లు. అన్నీ ఒక్కసారే అందుకుంటే అయిదు వేళ్ళతో. మూడేళ్ళు చూడాలని తపించిన మనిషి, వాటిని చేతితో వినడానికి కళ్ళు మూసుకున్నాడు.

ఆటోలో ఇంటి దాకా పిడికిలి విప్పలేదు. గుమ్మంలో పెద్దమ్మ, "ఏం తెచ్చినవ్ ఆ చేతిల?" అని అరిచింది.

"ఉండు" అని ఆమె చెయ్యి అందుకున్నాడు. అరచేతిని మెల్లగా తెరిచి, వేలితో తట్టడం మొదలుపెట్టాడు.