బందరు పెళ్ళికారుకి కొత్త ఇగ్నిషన్

మధ్యాహ్నం గుడివాడలో బందరు పాసింజరు ఎక్కాను. ఒళ్ళో చిన్న పెట్టె. అందులో పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకి బిగించే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. ఖాళీ చేపల బుట్టతో ఎదురుగా కూర్చున్నావిడ అదేమిటని అడిగింది. ఒక కారుకి గుండె సరిగ్గా కొట్టుకోవడం లేదని చెప్పాను.

"మా ఆయన గుండెకీ ఇలాంటిదే పెట్టారు బాబూ. ఆర్నెల్లు బాగానే ఉన్నాడు" అంది.

పెడన దాటేదాకా పెట్టెని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

కారు బందరులో ఉండే కరీముల్లా గారిది. ఎరుపు రంగు, పైకప్పు లేదు, పెళ్ళి ఊరేగింపులకి అద్దెకిస్తారు. ఊరేగింపులో కారు నడక వేగంతో పోవాలి, డాన్సు చేసేవాళ్ళు ఆగిన చోటల్లా ఆగాలి. ఇంజను వేడెక్కుతుంది. లోపల ప్లగ్గులకి కరెంటు అందించే పాయింట్లని సముద్రపు గాలి ముందే తినేసి ఉంటుంది. ఈ ఏడాది రెండుసార్లు నడిరోడ్డు మీద ఇంజను ఆగిపోయింది. ఊరేగింపు బండి ఆగితే కాపురం ఆగుతుందంటారు. రెండో జంట విడిపోయింది కూడా. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి గానీ, చెడ్డపేరు కారుకొచ్చింది. మర్నాడు అవనిగడ్డలో పెళ్ళి. అక్కడా పరువు పోతే పాత ఇనప సామాన్ల కొట్టుకి ఇచ్చేస్తానని ఆయన అప్పటికే మాటిచ్చారు.

మీరూ బిగించుకోదలిస్తే ముందు బ్యాటరీ చూడండి. ఇలాంటి పాత కార్లలో చాలావాటికి ప్లస్సు వైపే బాడీకి కలిపి ఉంటుంది. మామూలు ఇగ్నిషన్ కిట్టు తగిలిస్తే మాడిపోతుంది. మేము దానికి తగినదే తెప్పించాం. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లూ కండెన్సరూ పీకేసి, ఆ చోట చిన్న మాడ్యూలు బిగించాం. దాని మధ్య తిరిగే ఇరుసుకి అయస్కాంతపు రింగు తొడిగి, రెండు వైర్లు కాయిల్‌కి కలిపి, టైమింగ్ సరిచేశాం. తాళం తిప్పగానే స్టార్టయింది. కరీముల్లా గారు బానెట్ మీద వేసిన చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

మర్నాడు భోజనాలయ్యాక బయల్దేరాం. చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరేదాకా ఒక్క దగ్గు లేదు. పెళ్ళింటి ముందు పెళ్ళికూతురి మేనమామ మాకోసం ఎదురుచూస్తున్నాడు. పక్కన ట్రాక్టరు, మోకు.

"ఏమనుకోకు భాయ్. మా పిల్ల కాపురం కదా. ముందే ట్రాక్టరుకి కట్టేస్తే ఇక ఆగే మాటే ఉండదు."

"కొత్తది బిగించామండీ. మీరే వినండి" అన్నారు కరీముల్లా గారు.

మేనమామ వంగి చెవి పెట్టాడు. అప్పుడే బ్యాండు మొదలైంది. మోకు కట్టేశారు.

ఇంజను దారి పొడుగునా న్యూట్రల్‌లో చక్కగా తిరుగుతూనే ఉంది. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. మిగతా ఊరు ట్రాక్టరు ఈడ్చుకెళ్తున్న కారుని ఫోన్లలో వీడియో తీసుకుంది.

తిరుగు దారిలో చల్లపల్లిలో టీకి ఆగాం. కారు ఇంజను ఆపకుండా బయట నిలబెట్టారాయన. టీ కొట్టతను ఫోను చూపించాడు.

"ఇదేగా భాయ్? మళ్ళీ ఆగిపోయిందంట?"

కరీముల్లా గారు గ్లాసు పెట్టేసి లేచారు.

చీకటి పడుతుండగా బందరు చేరాం. ఇంకెవరికైనా పనికొస్తుంది, కిట్టు విప్పేద్దామా అని అడిగాను.

"ఉండనివ్వండి మాస్టారూ. ఇనప కొట్టుదాకా నేనే నడుపుకెళ్తాను. ఎవరూ తొయ్యకూడదు" అన్నారు.

గుడివాడకి ప్రైవేటు బస్సు దొరికింది. గూడ్లవల్లేరు దగ్గర అది ఆగిపోయింది. అందరం దిగి తోశాం. తోసినవాళ్ళలో ఒక కొత్త జంట కూడా ఉంది. బస్సుని ఎవరూ ఏమీ అనలేదు.