వాడినా వాడకున్నా గంతే

నేను చెప్పింది చెప్పినట్టే రాయి బిడ్డా, మధ్యలో నవ్వకు. మన నాచారం ఇంట్లో ఇంటర్నెట్ డబ్బా పెట్టించింది నా కోసమే. మా అక్క జనగామ దగ్గరి ఊళ్ళో పక్షవాతంతో మంచంలో ఉంది. మాట పోయింది కాబట్టి మామూలు ఫోనుతో లాభం లేదు, ముఖం చూడాల్సిందే. ఉప్పల్ పోతే బస్సు దొరుకుతుంది కానీ, నా మోకాళ్ళు ఆ మెట్లు ఎక్కనివ్వవు. సాయంత్రం అక్క కూతురు వీడియో కాల్ చేసే వేళకు నా ఫోన్‌లో ఆ రోజు డేటా అయిపోయేది. పగలంతా నీ పాఠాలకూ మీ తాత వార్తలకూ దాన్నే వాడేవాళ్ళం.

డబ్బా బిగించిన రోజు నువ్వే మాకు విప్పి చెప్పావు.

"ఫోన్ల రోజుకింత అని కొలిసి ఇస్తరు నాయినమ్మా. టవర్ అందరికీ ఒక్కటే గద. గీ వైరు మనింటికే వచ్చింది. స్పీడును బట్టి నెలకింత కడ్తం. వాడినా వాడకున్నా గంతే."

"ఊకె నడుస్తుంటే మీటర్ తిరగదా?" అన్నాడు మీ తాత.

"మీటరే లేదు తాతా."

"మీటర్ లేకుండ ఎవడిస్తడే? నెలాఖరుకు తెలుస్తది."

ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్ళూ ఆయన పని నీళ్ళ మోటార్లు చూసుకోవడం. ట్యాంకు నిండిందంటే ఆపేయాలి. ఆ అలవాటు చేతికి పోలేదు. ఎవరి చేతిలోనూ ఫోన్ కనిపించకపోతే చాలు, డబ్బా స్విచ్చు ఆపేసేవాడు. మీ నాన్నేమో ఇంట్లో డబ్బా ఉంది కదా అని, నా ఫోన్‌లో డేటా మానేసి మాటల ప్యాక్ ఒక్కటే వేయించాడు.

ఒక మధ్యాహ్నం అక్క కూతురు మామూలు ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, జల్ది వీడియో కాల్ తియ్యి. అమ్మ పడిపోయిన చెయ్యి లేపుతున్నది."

తీశాను. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. డబ్బా వైపు చూస్తే దీపాల్లేవు. మీ తాత స్విచ్చు ఆపి లాలాపేట పోయాడు. స్విచ్చు వేశాను కానీ అది వెంటనే లేవదు కదా. ఎర్ర దీపం వెలుగుతూ ఆరుతూ ఉండిపోయింది. చివరికి అక్క కనిపించేసరికి చెయ్యి దుప్పటి మీద ఉంది, కళ్ళు మూసుకుంది.

"ఇప్పటిదాంక లేపింది చిన్నమ్మా. అలిసిపోయింది."

మీ తాత వచ్చాక జరిగింది చెప్పాను, అంతే. కోప్పడే ఓపిక కూడా లేదు. చెప్పులు విప్పకుండా గడపలోనే నిలబడి, "నాకేం ఎర్క," అన్నాడు. మళ్ళీ స్విచ్చు ముట్టలేదు. సాయంత్రం కాల్ వస్తే ఇప్పుడు ఆయనా నా పక్కన కుర్చీ వేసుకుంటున్నాడు. అక్క మాత్రం మళ్ళీ చెయ్యి లేపలేదు. ఒక్కోసారి అంతేనని అక్కడి డాక్టర్ అన్నాడట.

నిన్న ఆయనే అడిగాడు. "ఒక్కసారి లేపమను బిడ్డా. మీ చిన్నమ్మ సూస్తది."

అక్క కూతురు వాళ్ళమ్మ వైపు చూసి, "నేను పట్టుకొని లేపాల్నా చిన్నమ్మా?" అంది.

"వద్దు బిడ్డా, పండుకోనియ్యి," అన్నాను.

కాల్ మాత్రం కట్ చేయనివ్వలేదు. అక్క నిద్రపోతుంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.