రాసేటోళ్ల గ్లాసు

మా టేబుల్ మీద తెల్ల మచ్చ చేసింది నేను. ఈ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు.

మా చేను ఎయిర్‌పోర్టు కింద పోయినప్పుడు, అప్పగించే ముందు బాపు బావి దగ్గరి టేకు చెట్టును కొట్టించాడు. ఆ కలపను ట్రాక్టర్‌లో శంషాబాద్ తెచ్చి, నా చదువు కోసం టేబుల్ చేయించాడు. పొద్దున డ్యూటీకి పోయేముందు తువ్వాలతో దాన్ని ఒకసారి తుడిచేవాడు. ఆ చేనుకు గుర్తుగా ఇంట్లో ఉన్నది అదొక్కటే.

డిగ్రీ రెండో ఏడు, వానాకాలం. ఒక సాయంత్రం డైరీ రాస్తూ పొగలు కక్కే చాయ్ గ్లాసు పక్కన పెట్టి మరిచిపోయాను. తీసేసరికి పాలిష్ మీద తెల్లటి గుండ్రం. భయమేసి కొబ్బరినూనె రుద్దాను. ఒక పూట మెరిసింది. మరునాటికి దుమ్మంతా అంటుకుని మచ్చ ఇంకా బాగా కనబడింది.

ఆ రోజే కొత్తూరు నుంచి మేనత్త వాళ్లొచ్చారు. అమ్మ ఆ టేబుల్ మీదే వాళ్లకు చాయ్ పెట్టింది. వాళ్లు పోయాక బాపు చూశాడు.

"కండ్లు కనవడ్తలేవా? గంత వేడి గ్లాసు తెచ్చి దీనిమీద పెడ్తరా ఎవరన్న?"

"నేనే పెట్టిననేమో. యాదికి లేదు" అంది అమ్మ.

నేను తలుపు పక్కనే ఉన్నాను. అక్కణ్నుంచే లోపలికి తప్పుకున్నాను. అప్పటినుంచి అమ్మ ఎక్కడ గ్లాసు పెట్టినా, గచ్చు మీద పెట్టినా సరే, కింద గుడ్డ వేసేది. తప్పు తనదేనని నిజంగా నమ్మింది.

బాపు బుద్వేల్ నుంచి పాలిష్ చేసే ముసలాయనను పిలిపించాడు. చుట్టాలకు చాయ్ పెట్టినప్పుడు అమ్మే మచ్చ చేసిందని ఆయనకు చెప్పాడు. ముసురు పట్టి ఉంది. తడిగాలిలో లక్క పాలిష్ వేస్తే తెల్లగా పాలిపోతుందట. ఆయన రెండుసార్లు వచ్చి, ఆకాశం చూసి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆ వారమంతా బాపు అమ్మతో ముభావంగానే ఉన్నాడు.

ఎండ కాసిన రోజు టేబుల్‌ను వాకిట్లోకి తెచ్చాం. ఆయన వంగి వాసన చూశాడు.

"కొబ్బరినూనె ఎవరు రాసిన్రమ్మా? టేబుల్‌కు జడ గిట్ల ఏస్తున్రా ఏంది?"

బాపు నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. నేను నవ్వలేదు. ఆయన ఒక్కసారి నా మొహం చూశాడు.

బాపు డ్యూటీకి పోయాక, ఆయన ముందు టర్పెంటైన్‌తో నూనె తీశాడు. తర్వాత గుడ్డను ఉండలా చుట్టి, స్పిరిట్‌లో ముంచి, గట్టిగా పిండి, మచ్చ మీదుగా పోనిచ్చాడు.

"నడుమ ఆగినవనుకో, గుడ్డ ఆడనే అతుక్కుంటది" అంటూ నా చేతికిచ్చాడు.

ఆపకుండా పోనిచ్చాను. గుండ్రం పలచబడుతూ పలచబడుతూ పోయింది.

అది ఉన్న చోట ఆయన వేలు పెట్టాడు. కుర్చీ వేసుకునే వైపు, సొరుగు పైన, ఇంకు చుక్కల పక్కన. పైన విమానం పోయేదాకా ఆగి, మెల్లగా అన్నాడు.

"గిది చుట్టాల గ్లాసు కాదు బిడ్డా. రాసేటోళ్ల గ్లాసు."

అప్పుడే అమ్మ ఆయనకు చాయ్ తెచ్చింది. అరుగు మీద గుడ్డ మడత పరిచి, దానిమీద గ్లాసు పెట్టి లోపలికి పోయింది. ఆయన ఆ గుడ్డను చూస్తూ చాయ్ తాగాడు. సంచి సర్దుకుని, లక్క సీసా మాత్రం నా ముందు పెట్టాడు.

"వారం ఆగి ఇంకో కోటింగ్ నువ్వే ఎయ్యి బిడ్డా. మీ అమ్మను పక్కకు కూసోబెట్టుకో. చేతులు పనిల ఉంటే నోరు అదే తెరుసుకుంటది."