గాజుల బండి చక్రాలు

వెంకట్రావ్‌కు మనుషుల ముఖాలు గుర్తుండవు, టైర్లు గుర్తుంటాయి. పెళ్లిలో ఎవరైనా దగ్గరికొచ్చి పలకరిస్తే తెల్లముఖం వేస్తాడు. "గదేందన్నా, బిలోలి తొవ్వల నీ పక్కపొంటి బండి ఆపిన గద" అని వాళ్లు గుర్తు చేస్తే, "ఆఁ, ఎడమ ముందు టైరు లోపలిదిక్కు అరిగి ఉండె, ఆ బండి నీదేనా!" అని అప్పుడు చేతులు పట్టుకుంటాడు. నాందేడ్‌లో సరుకుబండ్లు నడిపేవాళ్లలో సగం మంది కొత్త టైరు కొనేముందు అతన్ని ఒక మాట అడుగుతారు. అడగని వాళ్లను అతనే ఆపి చెప్తాడు.

అతనిది మంజీర ఒడ్డున, బిలోలి దగ్గరి పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. బడి అట్టే సాగలేదు. నాందేడ్ వచ్చి పంచర్లు వేశాడు, ఎవరి బండో నడిపాడు, చివరికి సొంతానికి ఒక డీజిల్ పికప్ కొన్నాడు. సోయాబీన్, పసుపు, పత్తి, ఎవరు దేనికి పిలిస్తే దానికి వెళ్లేవాడు. బండి ఎంత బరువు మొయ్యాలని కంపెనీవాడు రాశాడో దానిమీద మరో సగం ఎక్కించేవాడు. అంత బరువుకు టైరు రాయిలా ఉండాలని అతని లెక్క. గాలి కొట్టించాక టైరును పిడికిలితో గుద్ది చూసేవాడు. పిడికిలి నొప్పి పుడితేనే అతనికి తృప్తి.

వారంలో రెండు మూడు రోజులు మాత్రం ఆ బండి సోయాబీన్ మోసేది కాదు. ఆ రోజులు అతని భార్య సుమిత్రాబాయివి. ఆమెది గాజుల వ్యాపారం. నాయ్‌గావ్ బజారు, బిలోలి బజారు, మధ్యలో చిన్న చిన్న సంతలు. గాజులు అమ్మడమంటే పెట్టె తెరిచి కూర్చోవడం కాదు. ఎదుటి మనిషి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, బొటనవేలి కింద మెత్తగా పిసికి, కబుర్లలో పెట్టి, ఆమె నొప్పి తెలుసుకునేలోపు గాజు మణికట్టు దాటించాలి. పెళ్లికూతురికి పచ్చగాజులు వేశాక సుమిత్రాబాయి ఆ చేతులకు దండం పెడుతుంది. గాజు పగిలితే పగిలిందని చచ్చినా అనదు, పెరిగిందంటుంది. ఆ మాట తన అత్తగారి దగ్గర నేర్చుకుంది.

రెండేళ్ల కిందట ఆమె నడుము పోయింది. ఎముకల మధ్య గుజ్జు పక్కకు జరిగిందని, కుదుపులు బొత్తిగా పనికిరావని డాక్టరు చెప్పాడు. బస్సులో వెనక సీటు వద్దు, ఆటో వద్దు, డీజిల్ పికప్ అసలే వద్దు. ఆమె ఇంట్లో కూర్చుంది. పెట్టెలు దులపడం, సైజులవారీగా గాజులు సర్దడం, మళ్లీ దులపడం. ఒక మధ్యాహ్నం వెంకట్రావ్ అన్నానికని వచ్చేసరికి, ఆమె గోడకు ఆనుకుని తన ఎడమచేతిని తనే పిసుక్కుంటూ గాజులు ఎక్కిస్తోంది, తీస్తోంది, మళ్లీ ఎక్కిస్తోంది. అతనికి అన్నం దిగలేదు. ఆ నెలలోనే డీజిల్ బండి అమ్మేశాడు, దానితోపాటే సోయాబీన్ మోతలూ వదిలేశాడు.

కరెంటు పికప్ కొన్నది అందుకు. ఇంజన్ ఉండదు, వణుకు ఉండదు, సీటు మీద కూర్చుంటే మంచం మీద కూర్చున్నట్టుంటుందని ఎవరో చెప్పారు. సుమిత్రాబాయిని మళ్లీ పక్కన కూర్చోబెట్టుకుని బజారుకు తీసుకెళ్లాలి. అతను కోరిందల్లా అంతే. ఇంతవరకు అతని బుద్ధి సరిగ్గానే పనిచేసింది.

బండి ఇంటికొచ్చిన రోజు అతను కిందికి వంగి చక్రాలు చూశాడు. చిన్న రిమ్ములు, వాటి చుట్టూ లావుపాటి మెత్తని రబ్బరు. పిడికిలితో గుద్దాడు. నొప్పి లేదు.

"ఇవేం చక్రాలే? పోరగాండ్ల సైకిలుకు గూడ ఇంతకన్న గట్టియి ఉంటయి" అన్నాడు.

సుమిత్రాబాయి గడపలో నిలబడి బండి రంగు చూస్తోంది. చక్రాల గురించి తనను అడిగినట్టు ఆమెకు తోచలేదు. అతను అడగనూ లేదు.

మిగతా ఊరంతటినీ అడిగాడు. చాయ్ దుకాణంలో అడిగాడు, ధాన్యం అమ్మే మోండా దగ్గర హమాలీలను అడిగాడు, చార్జింగ్ పెట్టుకోవడానికి వచ్చిన ఆటోవాళ్లను అడిగాడు. ఒకడు పెద్ద రిమ్ము వెయ్యమన్నాడు, ఒకడు వెడల్పు టైరు వెయ్యమన్నాడు, వానలు పడితే నల్లరేగడిలో ఈ చిన్నచక్రాలు కడుపుదాకా కూరుకుపోతాయని ఇంకొకడు భయపెట్టాడు. అడగటం ఉత్తమాటే. ఏం వెయ్యాలో అతను మొదటి రోజే అనుకున్నాడు. దానికి తలూపేవాడు దొరికేదాకా తిరిగాడంతే.

తలూపనివాడు సూర్యకాంత్ ఒక్కడే. టైర్ల దుకాణం అతనిది, ఇద్దరూ ఒకప్పుడు ఒకేచోట పంచర్లు వేసినవాళ్లు.

"దాదా, ఇది డీజిల్ బండి గాదు. చక్రం పెద్దగైతే మీటరు తక్కువ చూపిస్తది, చార్జి ఎక్కువ తింటది. పైకెల్లి ఈ టైరు శానా బరువు. కంపెనోడు ఏదో సోంచాయించే గద చిన్నయి ఇచ్చిండు" అన్నాడు.

"కంపెనోడు నాయ్‌గావ్ తొవ్వ చూసిండా? నువ్వు ఎక్కియ్యి."

సూర్యకాంత్ ఎక్కించాడు. రెండంగుళాలు పెద్ద రిమ్ములు, వాటికి గట్టి టైర్లు, లోపల పొర మీద పొర. రిమ్ము పెరిగేసరికి దానికీ నేలకూ మధ్య రబ్బరు పల్చబడింది. గాలి నిండా కొట్టించి వెంకట్రావ్ పిడికిలితో గుద్దాడు. నొప్పి పుట్టింది. బండి నాలుగు వేళ్లు ఎత్తు లేచి, చూడటానికి పెళ్లికొడుకులా ఉంది, ఆ మాట కాదనలేం. పాత చక్రాలు దుకాణంలోనే ఓ మూల పెట్టించాడు. సుమిత్రాబాయి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి హారతిచ్చింది. బండి ముందుకు కదిలి కాయలు చితికాయి.

నాయ్‌గావ్ బజారు రోజు వచ్చింది. సుమిత్రాబాయి కొత్త చీర కట్టుకుంది. సంబరం దాచుకోవడం ఆమెకు చేతకాదు. పొద్దున్నుంచి రెండుసార్లు పెట్టెలు లెక్కపెట్టింది, పక్కింటామెకు మూడుసార్లు చెప్పొచ్చింది. గాజుల పెట్టెలు వెనక పేర్చి, మధ్యలో గడ్డి కూరి, బయల్దేరారు.

ఊరు దాటేవరకు బాగానే ఉంది. తర్వాత వెంకట్రావ్ చెవిన ఒక చప్పుడు పడటం మొదలైంది. గాజులు. ప్రతి గుంతకూ, ప్రతి అతుకుకూ వెనక పెట్టెల్లో ఘల్లుమంటున్నాయి. డీజిల్ బండిలోనూ మోగే ఉంటాయి, ఇంజన్ మోతలో అతను ఏనాడూ వినలేదు. ఇప్పుడు ఇంజన్ లేదు కాబట్టి అన్నీ వినిపిస్తున్నాయి. పక్కకు చూశాడు. సుమిత్రాబాయి తలుపు మీది పిడిని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"ఎట్లున్నదే?" అని అడిగాడు.

"మంచిగున్నది."

"నొస్తుందా?"

"తొవ్వ చూడు నువ్వు."

చార్జి కూడా అనుకున్నదానికంటే తొందరగా దిగుతోంది. దాని సంగతి తర్వాత చూద్దామనుకున్నాడు.

బజారులో ఆడవాళ్లు ఆమెను చూసి పెట్టెలు దించకముందే మూగారు. "సుమిత్రక్కా, నువ్వు రాకపాయె, నేను రెండేండ్ల సంది చేతులకు సక్కగ గాజులేస్కోలే" అని ఒకామె చెయ్యి చాపింది. సుమిత్రాబాయి నవ్వుతూనే గాజులు వేసింది. కానీ నిలబడే వేసింది. ఎప్పుడూ చాప పరుచుకుని కూర్చునే మనిషి, ఆ రోజు చాప విప్పనేలేదు. కూర్చుంటే మళ్లీ లేవలేనని ఆమెకు తెలుసు. వెంకట్రావ్ చార్జింగ్ దగ్గర ఎవరికో టైర్ల గురించి చెప్తున్నాడు.

పొద్దు వాలాక పెట్టెలు ఎక్కించి అతను తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె ఎక్కలేదు.

"నువ్వు పో. నేను బస్సుల వస్త. ముందల సీటు దొరుకుతది."

పెళ్లయిననాటి నుంచి అతని బండి ఉండగా ఆమె బస్సెక్కలేదు. అతనికి చెంప మీద కొట్టినట్టయింది.

"నా బండికేమైందే?"

"నీ బండికేం గాలే. నా నడుముతోటి అయితలేదు." ఆ మాట అంటూ ఆమె ఏడ్చింది. బజారు మధ్యలో, కొత్త చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "ఇగ నాతోని గాదయ్యా. ఇయ్యాలతోని చాలు. గాజులు ఎవరికన్న ఇచ్చేద్దాం."

అతను బస్సు వెనకే బండి నడుపుకుంటూ నాందేడ్ చేరాడు. పక్క సీటు ఖాళీగా, వెనక గాజులు మోగుతూ. ఇంటికొచ్చి పెట్టెలు విప్పితే వెనక చక్రాల మీద పెట్టినవాటిలో అడుగు వరసలన్నీ పెరిగి ఉన్నాయి. సుమిత్రాబాయి ముక్కలు ఏరి కాగితంలో కట్టింది.

మర్నాడు సూర్యకాంత్ దుకాణంలో వెంకట్రావ్ అందరినీ తిట్టాడు. రోడ్డు వేసినవాణ్ణి తిట్టాడు, వెనక కమాన్ పట్టీలు బిగించినవాణ్ణి తిట్టాడు, గాజుపెట్టెల్లో గడ్డి తక్కువైందన్నాడు. సూర్యకాంత్ చాయ్ తెప్పించాడు. తిట్లు అయిపోయాక వెంకట్రావ్ అలవాటు కొద్దీ వెనక చక్రం ముందు గొంతుక్కూర్చుని టైరు మీద చెయ్యి వేశాడు.

చెయ్యి అక్కడే ఆగింది. కొత్త టైరు మీద సన్నసన్న రబ్బరు వెంట్రుకలుంటాయి. నాలుగు అడుగులు తిరిగితే రోడ్డుకు రాసుకుని పోతాయి. ఈ టైరుకు నడిమధ్యన మాత్రమే పోయాయి. రెండు అంచుల్లోనూ షాపులో ఉన్నట్టే నిలబడి ఉన్నాయి. నాయ్‌గావ్ పోయి వచ్చినా ఆ అంచులు నేలను తాకలేదు. టైరు తన నడిబొడ్డు మీద ఎగురుకుంటూ పోయి వచ్చింది. ఇంకొకడి బండి అయితే దూరం నుంచే చూసి చెప్పేవాడు, మీద బరువు లేదురా నాయనా, ఇంత గట్టి టైరెందుకు వేశావని.

"సూర్యా, నిన్న నేను బండిల ఏమేస్కపోయిన?" అన్నాడు లేవకుండానే.

"నాకేం తెల్సు దాదా."

"గాజులు. గాజులు, నా పెండ్లాం. గంతే." మళ్లీ తనే అన్నాడు. "నేనేమో సోయాబీన్ సంచులకు టైర్లేసిన."

అతనికి సిగ్గేసింది. బరువు మోసే పనికి అతను పోయి ఎన్నాళ్లయింది? బండి మారింది, పని మారింది, పక్కన కూర్చునే మనిషి నడుము మారింది. మారనిది అతని పిడికిలి ఒక్కటే.

"గాలి సగం తీస్తే?" అని అడిగాడు.

"ఎంత తీసినా ఈ పొరలు వంగయి. రిమ్ముకు, నేలకు నడుమ రబ్బరేదీ?" సూర్యకాంత్ మూలకు చెయ్యి చూపించాడు. "నీ పాతయి అమ్మలే. వస్తవని ఉంచిన."

వెంకట్రావ్ ఇంటికి పోయి సుమిత్రాబాయిని తీసుకొచ్చాడు. రానంది. దండం పెట్టినంత పని చేస్తే వచ్చింది. చిన్న చక్రాలు ఎక్కించాక, ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి, ఒళ్లో ఒక గాజుల పెట్టె పెట్టించి, దుకాణం వెనక గుంతల సందులో మెల్లగా ఒక చుట్టు తిప్పాడు.

"ఎట్లున్నదో నిజం చెప్పు. మంచిగున్నదనకు."

"నిన్నటంత లేదు. జర గుచ్చుతుంది."

సూర్యకాంత్ కొంచెం గాలి తీశాడు. మళ్లీ చుట్టు. ఇంకొంచెం. మళ్లీ చుట్టు. మూడోసారికి ఆమె పెట్టె వైపు చూసింది. గాజులు ఉలకలేదు.

"ఇంకింత తియ్యమను" అంది, ధైర్యం వచ్చి.

"వదినా, ఇంక తీస్తే అంచులు అరుగుతయి, చార్జి దిగుతది" అని సూర్యకాంత్ మొత్తుకున్నాడు.

"సరే, గిట్లనే ఉండనియ్యి" అందామె.

వెంకట్రావ్‌కు ఒక బెంగ మిగిలింది. "వానలు పడితే రేగట్ల ఈ చక్రాలు కూరుకుపోతయే" అన్నాడు.

ఆమె అతన్ని వింతగా చూసింది. "వానల్ల బజార్ల గాజులెవరేస్కుంటరయ్యా? ఎప్పుడన్న పోయినమా మనం?"

పోలేదు. ఇన్నేళ్లలో ఒక్కనాడూ పోలేదు. ఊరంతా తిరిగి ఇంతమందిని అడిగినవాడు, ఈ ఒక్క ముక్క ఇంట్లో అడిగి ఉంటే పోయేది.

తర్వాత వచ్చింది బిలోలి బజారు. దారిలో అతను ఎట్లున్నదే అని అడగలేదు. అడగడానికి భయమేసింది. వెనక నుంచి చప్పుడు వస్తుందేమోనని చెవి అటే పెట్టి నడిపాడు. బజారులో దూరంగా నిలబడి చూశాడు. ఆమె చాప విప్పింది, కూర్చుంది. కొత్త పెళ్లికూతురు ఒకతె వస్తే పచ్చగాజులు వేసి, ఆ చేతులకు దండం పెట్టింది.

సాయంత్రం పెట్టెలు ఎక్కించేసరికి నాందేడ్ బస్సు వచ్చి నిలబడింది. కండక్టరు నాందేడ్, నాందేడ్ అని కేకలేస్తున్నాడు. సుమిత్రాబాయి కొంగు దులుపుకుంటూ బస్సు నిలబడిన వైపే నడిచి వస్తోంది. వెంకట్రావ్‌కు చూడబుద్ధి కాలేదు. వెనక చక్రం దగ్గర కూర్చుని, ఉత్తినే, టైరు అంచులు తడుముతూ తల వంచుకున్నాడు. బస్సు కదిలిన చప్పుడైంది.

తలుపు తెరుచుకుంది, బండి కొద్దిగా కిందికి దిగింది.

"టైర్లు చూసింది చాలు గాని లేవయ్యా," అంది సుమిత్రాబాయి లోపలి నుంచి. "రేపు నాయ్‌గావ్ బజారున్నది."