మాకు అమ్మనన్న సొరచేప

మా వీధి మొదట్లో కూర్చునే చేపలావిడ ఆ ఉదయం గంపలో సొరచేపలు పెట్టుకుని, మాకు మాత్రం అమ్మనంది.

మా అత్తగారు తప్పేలా పట్టుకుని ముందు నడిచారు. నేను వెనక ఉన్నాను.

“ఇవాళ మీకు లేవమ్మగారూ.”

“ఎదురుగా కనపడుతుంటే లేవంటావేంటమ్మాయ్? ఇవేంటి మరి, పొట్లకాయలా?”

“ఉన్నాయిగానీ మీకు కాదు. రేపు తెచ్చిస్తా, వెళ్లండి.”

“ఎవరికి దాచావు?”

ఆవిడ తడి గోనెపట్టాను గంప మీదికి లాగింది.

అప్పుడు మేం విజయవాడ కృష్ణలంకలో అద్దెకుండేవాళ్లం. మా ఆవిడకు రెండో కాన్పయింది. పాలు చాలక పిల్ల గుక్కపట్టి ఏడ్చేది. డబ్బాపాలకు ఏ షాపుకు వెళ్లినా స్టాకు లేదనేవారు. బందరు వైపు నుంచి కాన్పుకు సాయం వచ్చిన మా అత్తగారికి తెలిసిన మందు ఒకటే. బాలింతకు సొరచేప పొడిపొడిగా వండి పెడితే పాలు పడతాయి. చేపలావిడ కూడా బందరు రైలుకు వచ్చే సరుకులో సొర ఏరి తెస్తానని మాటిచ్చింది. తీరా తెచ్చాక ఇవ్వనంది.

నేను పత్రికలో పనిచేసేవాణ్ణి. పంచదార, కిరసనాయిలు, డాల్డా ఒకటి తర్వాత ఒకటి మాయమవుతున్న కాలం. లేదన్న సరుకు ఎవరి గోడౌనులో ఉందోనని రోజూ రాస్తూ ఉంటే, లేదన్న మాటను నమ్మే అలవాటు పోతుంది. ఏ హోటలువాడో ఎక్కువిస్తానని ఉంటాడనుకున్నాను. సైకిలెక్కి కాలువ దాటి పెద్ద మార్కెట్‌కు వెళ్లాను.

అక్కడ పిలుపులకు కొదవలేదు. ఒకాయన పెద్ద సొర ఎత్తి చూపించాడు.

“బాలింతకు పెట్టొచ్చా?” అనడిగాను.

“దీన్ని మించింది బెజవాడ మొత్తం తిరిగినా దొరకదు బాబూ. చెంబుడు పాలు పడతాయి.”

దాన్నే కొని ఇంటికొచ్చేటప్పుడు మా వీధి మొదట్లో చేపలావిడ లేదు. గంప కడిగి గోడవారన బోర్లించి ఉంది. నా అనుమానం గట్టిపడింది.

వంటింట్లో ముక్కల మీద వేడినీళ్లు పోయగానే కళ్లు మండే కుళ్లు ఘాటు లేచింది. అత్తగారు తప్పేలా తీసుకెళ్లి పెరట్లో కుమ్మరించి వచ్చారు.

“బాలింతకని వాడికి ముందే చెప్పారా అల్లుడుగారూ?”

“చెప్పానండి.”

“బాగా చెప్పారు. పెళ్లివిందుకని చెప్పినా పెట్టొచ్చనే అనేవాడు.”

ఆ రోజంతా పిల్ల ఏడుస్తూనే ఉంది. మర్నాడు పొద్దున్నే మార్కెట్‌కు వెళితే ఆ చోట రొయ్యలు పోసుకుని ఇంకొకడు కూర్చున్నాడు. “నిన్నటాయనా? ఎవరాయన?” అన్నాడు. పక్కవాళ్లూ మొహమొహాలు చూసుకున్నారు. వాళ్లకు తెలియదంటే నేను ఇప్పటికీ నమ్మను.

తిరిగొచ్చేసరికి మా అత్తగారు వీధి మొదట్లో నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నారు.

“నిన్నటి సరుకు ఐసు కరిగిపోయి వచ్చిందమ్మగారూ,” అంటోంది చేపలావిడ. “బాలింతకి ఎట్టా ఇవ్వమంటారు? తేడా చేస్తే పొద్దున్నే వచ్చి నా జుట్టు పట్టుకోరూ?”

“పట్టుకుంటా. మరి అట్టాంటిది మిగతావాళ్లకి ఎట్టా అమ్మావు?”

“అమ్మానని ఎవరన్నారు?”

“గంప ఖాళీ చేసి బోర్లించావుగా?” అన్నాను నేను.

“మీ పేపరోళ్లకి అన్నీ కావాలి బాబుగారూ,” అంటూ గంపలోంచి చిన్న సొర ఒకటి తీసి అత్తగారి చేతికిచ్చింది.

అత్తగారు దాన్ని వేలితో నొక్కి, వాసన చూసి, మళ్లీ నొక్కి, అప్పుడు తప్పేలాలో వేసుకున్నారు. వెల్లుల్లి దండిగా వేసి వండారు. వారం తిరక్కముందే పిల్ల కడుపునిండా తాగి నిద్రపోవడం మొదలుపెట్టింది. సొర వల్లో, వెల్లుల్లి వల్లో, ఊరికే రోజులు గడిచినందువల్లో చెప్పలేను.

ఆ తర్వాత చేపల కోసం మేం కాలువ దాటలేదు. వీధి మొదటి మనిషి నిజాయితీపరురాలని కాదు. మా ఇంట్లో బాలింత ఉందని ఆవిడకు తెలుసు. తేడా వస్తే మర్నాడు మా అత్తగారు ఎక్కడ నిలబడతారో కూడా తెలుసు. మార్కెట్‌లో నాకు దెబ్బలాడటానికి మనిషే దొరకలేదు. ఇంటి దగ్గర కొనడంలో ఉన్న లాభం నాకు తెలిసినంతవరకు ఇదే. మా ఇంటి వరకు ఇది బాగానే పనిచేసింది.

మిగతా ఇళ్ల సంగతే తేలలేదు. ఐసు కరిగిన ఆ సరుకు ఏమైందని నేను వీధంతా వాకబు చేశాను. దగ్గర్లో ఉన్న హోటళ్లలోనూ అడిగాను. పారబోయగా చూశామన్నవాళ్లు లేరు. ఆ రోజు సొరచేప కొన్నామన్న ఇల్లూ ఒక్కటి లేదు.